లండన్ మ్యూజియంలలో మన వస్తువులు

చదువు కోసమో, ఉద్యోగం కోసమో మన పిల్లలు లండన్ వెళ్లడం ఈ రోజుల్లో వింతేమీ కాదు. వాళ్లను చూసి వద్దామని తల్లిదండ్రులు కూడా విమానం ఎక్కుతున్నారు. వెళ్లినవారు రాజభవనం ముందు ఒక ఫోటో, థేమ్స్ నది వంతెన దగ్గర ఒక ఫోటో దిగి, నాలుగు దుకాణాలు తిరిగి వస్తారు. మ్యూజియంలు చూశారా అని అడిగితే, "చూశాం, చాలా పెద్దవి, కాళ్లు పీకేశాయి" అంటారు. అవి నిజంగానే పెద్దవి. కానీ ఏ వస్తువు అక్కడికి ఎలా చేరిందో కాస్త తెలుసుకుని వెళితే ఆ కాళ్ల నొప్పికి తగిన ఫలం దక్కుతుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఆ సంగతే.

స్థూలంగా చూస్తే, మన వస్తువులు, మన ఇరుగు పొరుగు దేశాల వస్తువులు లండన్ చేరిన దారులు నాలుగు. కొన్నిటిని తవ్వి తీసుకుపోయారు. కొన్నిటిని యుద్ధంలో దోచారు. కొన్నిటిని ఒప్పందం పేరుతో రాయించుకున్నారు. మరికొన్నిటిని డబ్బిచ్చి కొన్నారు. ఈ నాలుగూ ఒకటి కావు. అన్నిటినీ కలిపి "దొంగసొత్తు" అనేయడం చరిత్ర కాదు. అన్నిటినీ కలిపి "వాళ్లు కాపాడారు" అనడమూ చరిత్ర కాదు.

తవ్వి తీసుకుపోయినవి

మొదట బ్రిటిష్ మ్యూజియం. హాన్స్ స్లోన్ అనే వైద్యుడు జీవితమంతా సేకరించిన వస్తువులు, పుస్తకాలు ఆధారంగా 1753లో పార్లమెంటు చట్టంతో ఇది ఏర్పడింది. 1759 జనవరి 15న జనానికి తలుపులు తెరిచింది. స్లోన్ గారి సంపదలో కొంత భాగం జమైకాలో బానిసలు చెమటోడ్చిన చెరకు తోటలనుంచి వచ్చిందే. మ్యూజియంలోని శాశ్వత ప్రదర్శన చూడడానికి టిక్కెట్టు లేదు.

తెలుగువాడు ఇక్కడ తప్పక చూడవలసింది అమరావతి శిల్పాల గది. కృష్ణాతీరంలోని మహాస్తూపపు పాలరాతిలాంటి సున్నపురాతి పలకలు అద్దాల గోడ వెనుక నిలబెట్టి ఉంటాయి. లండన్ గాలిలోని తేమ, మసి ఆ రాతికి చేటు చేస్తాయని ఆ గదిలో గాలిని కూడా అదుపులో ఉంచుతారు.

వీటి కథ తెల్లవాళ్లతో మొదలు కాలేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అక్కడ కొత్త పట్టణం కడుతుండగా, ఆ దిబ్బనుంచి జనం రాళ్లు తవ్వుకుపోయారు. కొన్ని గోడల్లోకి పోయాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. 1798లో కాలిన్ మెకంజీ ఆ చోటును చూశాడు. 1816లో మళ్లీ వచ్చి కొలతలు, బొమ్మలు తీయించాడు. ఆనాటి బొమ్మలు లేకపోతే పోయిన పలకల రూపం మనకు తెలిసేదే కాదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసు పంపాడు. వాటిలో కొన్ని 1859లో ఓడలో లండన్ చేరాయి.

చేరగానే గౌరవం దక్కిందా అంటే అదీ లేదు. కొన్నేళ్లు ఒక భవనం తాలూకు బండ్ల కొట్టంలో పడి ఉన్నాయి. ఫెర్గుసన్ అనే పండితుడు 1860ల్లో వాటిని చూసి వాటి గురించి గ్రంథం రాశాక గాని వాటి విలువ అక్కడివారికి తెలియలేదు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. వెంకటాద్రి నాయుడు గారి మనుషులకూ, లండన్ బండ్ల కొట్టం వారికీ తేడా పెద్దగా లేదన్నమాట. చదివినవాడు ఒకడు వచ్చేదాకా ఇద్దరికీ అవి రాళ్లే.

అదే భవనంలో ఇస్లామిక్ ప్రపంచపు గ్యాలరీ ఉంది. మలేసియాకు చెందిన అల్‌బుఖారీ ఫౌండేషన్ సహాయంతో 2018లో కొత్తగా తెరిచారు. దక్కన్ వారికి ముఖ్యమైన వస్తువొకటి ఈ మ్యూజియం సొత్తు. అది బీజాపూరు సుల్తాన్ రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా చిత్రం, సుమారు 1615 నాటిది. దక్కనీ భాషలో సంగీతం మీద ‘కితాబే నౌరస్’ రచించిన సుల్తాన్ ఆయన. కాగితం మీది రంగులు వెలుగుకు వెలిసిపోతాయి కాబట్టి ఇలాంటి చిత్రాలను ఎప్పుడూ బయట ఉంచరు. వెళ్లేముందు విచారించుకోవడం మంచిది.

దోచినవి, రాయించుకున్నవి

1851లో హైడ్ పార్కులో అద్దాల మహలు కట్టి ప్రపంచ ప్రదర్శన జరిపారు. దాని ఫలితంగా పుట్టినదే నేడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ అని పిలిచే మ్యూజియం. ఇక్కడా శాశ్వత ప్రదర్శన ఉచితమే.

ఇక్కడ జనం ఎప్పుడూ మూగి ఉండేది టిప్పు సుల్తాన్ పులి చుట్టూ. కొయ్యతో చేసిన పులి ఒక తెల్ల మనిషి మీద పడి ఉంటుంది. లోపల తోలుతిత్తులు, గొట్టాలు, హార్మోనియం మెట్లవంటివి ఉన్నాయి. పిడి తిప్పితే పులి గర్జిస్తుంది, మనిషి చెయ్యి ఎత్తి మూలుగుతాడు. 1799 మే 4న శ్రీరంగపట్నం కూలి, సుల్తాన్ వీరమరణం పొందాక, కోటలోని సొత్తును ఇంగ్లీషు సైన్యం హోదాల వారీగా పంచుకుంది. ఆ పంపకానికి ప్రత్యేకంగా ఏజెంట్లు కూడా ఉండేవారు. పులిని మాత్రం కంపెనీ దొరలకు పంపించారు. 1808లో కంపెనీ భవనంలో ప్రదర్శనకు పెడితే, వచ్చిన ప్రతివాడూ పిడి తిప్పి అరిపించేవాడట. పక్కనే గ్రంథాలయంలో చదువుకునేవారు ఆ మోతకు బతకలేకపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి కప్పు కూలి పులి ముక్కలైతే మళ్లీ అతికించారు. తనను చంపినవారి రాజధానిలో సుల్తాన్ పులి రెండు శతాబ్దాలుగా వాళ్ల మనిషినే కరుచుకుని ఉంది. చూసేవారికి ఇంతకన్నా వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇదే మ్యూజియంలో మహారాజా రంజిత్ సింగ్ బంగారు సింహాసనం ఉంది. సిక్కు రాజుకు దాన్ని చేసి ఇచ్చిన కంసాలి హాఫిజ్ ముహమ్మద్ ముల్తానీ. ఆ రోజుల్లో పని చేయించుకునేవారు పనితనమే చూసేవారనడానికి ఇదొక సాక్ష్యం. 1849లో పంజాబు కంపెనీ వశమైనప్పుడు ఈ సింహాసనమూ పోయింది.

కోహినూరు కథా అదే ఏటిది. గోల్కొండ రాజ్యంలోని కొల్లూరు గనుల వజ్రమని ప్రతీతి. 1739లో నాదిర్‌షా ఢిల్లీనుంచి పట్టుకుపోయాడు. చేతులు మారి రంజిత్ సింగ్‌ను చేరింది. 1849 లాహోర్ ఒప్పందంలో ఆ వజ్రాన్ని ఇంగ్లండు రాణికి ఇస్తున్నట్టు ఒక షరతు ఉంది. ఒప్పుకున్న మహారాజా దులీప్ సింగ్ వయసు అప్పటికి పదేళ్లు! పదేళ్ల పిల్లవాడి సంతకాన్ని ఏ ఊరి పంచాయితీ అయినా ఒప్పుకుంటుందా? 1852లో దాన్ని మళ్లీ సానపట్టి 186 క్యారట్లనుంచి 105.6కు తగ్గించారు. లండన్ టవర్‌లో కిరీటంలో ఉంది. దానికి మాత్రం టిక్కెట్టు కొనాలి. 2023 పట్టాభిషేకంలో రాణి కమిలా ఆ వజ్రాన్ని ధరించలేదు.

కొన్నవి

ఇక నాలుగో దారి. మనకు కాస్త కష్టంగా ఉండేది ఇదే.

అదే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అర్దబీల్ తివాచీ ఉంది. ఇరాన్‌లో షేక్ సఫీయుద్దీన్ దర్గా తివాచీ ఇది. నేతలోనే హిజ్రీ 946, అంటే 1539-40 అని తేదీ ఉంది. పొడవు పది మీటర్ల పైచిలుకు. దర్గాలో ఇలాంటి జత ఉండేది. ఆ జతను అమ్మేశారు. ఒకదాన్ని కోసి రెండోదానికి అతుకులు వేశారు. బాగైన దాన్ని 1893లో మ్యూజియం రెండు వేల పౌండ్లకు కొన్నది. ఈనాడు రంగు చెడకుండా ప్రతి అరగంటకు పది నిమిషాలు మాత్రమే దాని మీద దీపాలు వెలిగిస్తారు.

హమ్జానామా సంగతి ఇంకా దారుణం. అక్బరు పాదుషా యువకుడిగా ఉన్నప్పుడు అమీర్ హమ్జా దాస్తాన్‌కు సుమారు 1,400 పెద్ద చిత్రాలు గుడ్డ మీద వేయించాడు. ఇరాన్‌నుంచి వచ్చిన మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్ సమద్ ఆ పనికి పెద్దలు. పదిహేనేళ్లు పట్టింది. ఇప్పుడు మిగిలినవి రెండు వందల లోపే. 1881లో పర్డన్ క్లార్క్ అనే మ్యూజియం అధికారి శ్రీనగర్‌లో వీటిలో ఇరవైకి పైగా కొన్నాడు. ఏ స్థితిలో దొరికాయి? చలిగాలి రాకుండా కిటికీలకు అడ్డం పెట్టి ఉన్నాయి. పాదుషా చేయించిన చిత్రాలు మన చేతుల్లో కిటికీ గుడ్డలయ్యాయి.

ఇక ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నేషనల్ గ్యాలరీ చిత్రశాల. 1824లో ఒక వ్యాపారి సేకరణలోని 38 చిత్రాలు 57,000 పౌండ్లకు కొని ప్రభుత్వం దీన్ని మొదలుపెట్టింది. అక్కడ హోల్బీన్ 1533లో వేసిన ‘రాయబారులు’ అనే చిత్రం ముందు ఆగండి. ఇద్దరు ఫ్రెంచి దొరల మధ్య బల్ల మీద తుర్కీ తివాచీ పరిచి ఉంటుంది. అంత ఖరీదైన వస్తువును నేల మీద వేయక బల్ల మీద పరుచుకున్నారు. ఆ నమూనా తివాచీలకు ‘హోల్బీన్ తివాచీలు’ అనే పేరు స్థిరపడింది. నేసినవారి పేరు పోయి, చూసి బొమ్మ గీసినవాడి పేరు నిలిచింది. రాసిపెట్టుకోని జాతికి జరిగేది ఇదే.

తిరిగి వస్తాయా?

అడగడంలో తప్పు లేదు, అడగాలి కూడా. అయితే 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం, 1983 నాటి జాతీయ వారసత్వ చట్టం ప్రకారం అక్కడి అధికారులు తమ సేకరణలోని వస్తువులను, కొద్ది మినహాయింపులతో తప్ప, ఇచ్చేయడానికి వీల్లేదు. 2024లో ఘనా దేశానికి అసాంటే రాజుల బంగారు వస్తువులను అరువు పద్ధతిలో మాత్రమే పంపారు. "మా దగ్గరయితే భద్రం" అన్న మాట కూడా 2023లో పలచబడింది. బ్రిటిష్ మ్యూజియంలోనే సుమారు రెండు వేల వస్తువులు పోయాయనో, పాడయ్యాయనో ఆ ఏడు బయటపడింది.

ఎదురు దారిలో నడిచినవారు మన హైదరాబాదులోనే ఉన్నారు. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఐరోపా వెళ్లినప్పుడు రోములో బెంజోని చెక్కిన ‘ముసుగు రెబెక్కా’ను డబ్బిచ్చి కొన్నారు. మూడవ సాలార్‌జంగ్ నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ తన ఆస్తిని, ఆయుష్షును సేకరణకే వెచ్చించారు. ఆయన పోయాక 1951లో మ్యూజియం తెరిచారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. లండన్ వెళ్లే ముందు దాన్ని ఒకసారి శ్రద్ధగా చూస్తే, అక్కడ చూసేదాని విలువ తెలుస్తుంది.

చివరగా ఒక్క మాట. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో బిద్రీ హుక్కా కుండలు కూడా ఉన్నాయి. అటువంటివే మన ఇళ్లలోనూ ఉండేవి. ఎన్నో పాత సామానువాడికి తూకానికి వెళ్లిపోయాయి. తాతలనాటి సనదులు, చేతిరాత కితాబులు, పాత ఉత్తరాలు అటక మీద చెదలు తింటున్నాయి. వాటిని ఈసారి ఇల్లు దులిపేటప్పుడు బయటికి తీసి, చదవగలిగిన పెద్దలు ఉండగానే చదివించి, ఎవరివో, ఏ ఏటివో ఒక కాగితం మీద రాసి జతచేయండి. కోహినూరు మన చేతిలో లేదు. అటక మన చేతిలోనే ఉంది.