ఆరోగ్య శాఖ పద్దు – శాసనసభ్యుల పాత్ర – ప్రజలకు తెలియజేయవలసిన అంశాలు
(ప్రత్యేక వ్యాసం)

రాష్ట్ర బడ్జెట్ శాసనసభకు సమర్పించిన అనంతరం నియోజకవర్గాలకు వెళ్లే శాసనసభ్యులకు ప్రజల నుంచి తరచుగా ఎదురయ్యే ప్రశ్నలు వైద్యానికి సంబంధించినవే. ప్రాంతీయ ఆసుపత్రిలో వైద్యుల ఖాళీలు ఎప్పుడు భర్తీ అవుతాయి, కార్డుపై శస్త్రచికిత్స జరుగుతుందా లేదా అన్నవి వాటిలో ముఖ్యమైనవి. బడ్జెట్ ప్రసంగంలో ప్రకటించిన కేటాయింపు ఒక్కటే ఈ ప్రశ్నలకు సమాధానం కాజాలదు. కేటాయింపు, విడుదల, వ్యయం అనే మూడు దశలను వేర్వేరుగా వివరించినప్పుడే ప్రజలకు సరైన సమాచారం అందుతుంది.

పద్దుల ఆమోదం

రాజ్యాంగంలోని 202వ అధికరణం ప్రకారం వార్షిక ఆర్థిక నివేదికను శాసనసభ ముందుంచుతారు. 203వ అధికరణం ప్రకారం శాఖలవారీ గ్రాంట్ల అభ్యర్థనలపై ఓటింగు జరుగుతుంది. ఈ ఓటు హక్కు శాసనసభకు మాత్రమే ఉంది. శాసన మండలి బడ్జెట్‌ను చర్చించవచ్చు గాని పద్దులపై ఓటు వేయజాలదు. తదుపరి 204వ అధికరణం కింద ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదం పొందిన పిదపనే సంచిత నిధి నుంచి సొమ్ము తీయడానికి వీలవుతుంది.

గవర్నర్ సిఫారసు లేనిదే ఏ గ్రాంటును కోరరాదు. కావున ఆరోగ్య పద్దును పెంచుతూ సభ్యులు సవరణ ప్రతిపాదించడానికి వీలులేదు. కోత తీర్మానం ద్వారా ఒక లోపాన్ని సభ దృష్టికి తేవచ్చు. ప్రశ్నోత్తరాల సమయంలోను, పద్దుపై చర్చలోను మంత్రి నుంచి హామీ పొందవచ్చు. నిర్ణీత గడువు ముగిస్తే మిగిలిన పద్దులను చర్చ లేకుండానే ఓటింగుకు పెడతారు. అందుచేత ఆరోగ్య పద్దు చర్చకు వచ్చే రోజు సభ్యులకు కీలకమైనది.

ఎన్నికల సంవత్సరాలలో ఈ క్రమం మారుతుంది. 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఓట్ ఆన్ అకౌంట్‌ను ఆమోదించగా, పూర్తి బడ్జెట్ అదే సంవత్సరం నవంబరు 11న సభ ముందుకు వచ్చింది. తెలంగాణలో పూర్తి బడ్జెట్‌ను 2024 జూలై 25న సమర్పించారు. ఇటువంటి మధ్యకాలంలో కొత్త పథకాలపై స్పష్టమైన హామీ ఇవ్వడం సాధ్యం కాదు.

సహాయ నిధి నుంచి ఆరోగ్యశ్రీ వరకు

ఖరీదైన చికిత్స అవసరమైన పేద కుటుంబాలు శాసనసభ్యుని సిఫారసు లేఖతో ముఖ్యమంత్రి సహాయ నిధిని ఆశ్రయించడం ఉమ్మడి రాష్ట్రంలో పరిపాటిగా ఉండేది. సాయం పొందడానికి లేఖ, దరఖాస్తు, మంజూరు అవసరమయ్యేవి. గుండె జబ్బు, క్యాన్సర్ వంటి వ్యాధులలో ఆ జాప్యం ప్రాణాంతకం కాగలదు. ఈ నేపథ్యంలో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీ ప్రారంభమైంది. తొలి దశ బీమా సంస్థ ద్వారాను, 2008 జూలై 17న మొదలైన రెండవ దశ ట్రస్టు ద్వారా నేరుగాను అమలయ్యాయి. కుటుంబానికి ఏటా లక్షన్నర రూపాయలు, అవసరమైతే అదనంగా 50 వేల రూపాయల వరకు చికిత్స లభించేది.

అనంతరం ఈ పరిమితి రెండు రాష్ట్రాలలోను పెరిగింది. 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షల రూపాయలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షల రూపాయలకు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా వ్యవహరింపబడుతున్నది.

పరిమితి పెంపు, నిధుల విడుదల

పరిమితిని పెంచడం ఒక ఉత్తర్వుతో పూర్తవుతుంది. చికిత్స చేసిన ఆసుపత్రికి సొమ్ము చెల్లించడం మాత్రం ఏడాది పొడవునా సాగవలసిన పని. చెల్లింపులు జాప్యమై బకాయిలు పేరుకున్నప్పుడు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేస్తామని ప్రకటించిన సందర్భాలు రెండు రాష్ట్రాలలోను ఉన్నాయి. అటువంటి సమయంలో కార్డు చేతిలో ఉన్నప్పటికీ రోగి కుటుంబం అప్పు చేయవలసి రావచ్చు. కావున కేటాయింపుతో పాటు ఆ తేదీ నాటికి విడుదలైన మొత్తం, పెండింగు బిల్లుల మొత్తం తెలుసుకొనడం సభ్యుల బాధ్యత.

కేంద్ర ప్రాయోజిత పథకాల విషయంలోను ఇదే సూత్రం వర్తిస్తుంది. జాతీయ ఆరోగ్య మిషన్ వ్యయంలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. రాష్ట్ర వాటా సకాలంలో జమ కానప్పుడు కేంద్ర నిధుల తదుపరి విడత ఆలస్యమవుతుంది.

బడ్జెట్ పత్రాలలో గమనించవలసినవి

వైద్య, ప్రజారోగ్య రెవెన్యూ వ్యయం 2210 పద్దు కింద, కుటుంబ సంక్షేమం 2211 కింద, ఆసుపత్రి భవనాల వంటి మూలధన వ్యయం 4210 కింద చూపబడతాయి. ప్రతి పద్దుకు గతించిన సంవత్సరపు వాస్తవ లెక్కలు, నడుస్తున్న సంవత్సరపు బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, రాబోయే సంవత్సరపు అంచనా పక్కపక్కనే ఉంటాయి. సవరించిన అంచనా తొలి అంచనా కంటే తగ్గినచోట కారణాన్ని విచారించవలసి ఉంటుంది. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి వెచ్చించాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం నిర్దేశించింది. పోలికకు ఈ ప్రమాణం ఉపకరిస్తుంది.

మంజూరైన పని, నిధులు విడుదలైన పని, పూర్తయిన పని అనే మూడు వరుసలలో శాసనసభ్యుడు తన నియోజకవర్గ ఆసుపత్రుల వివరాలను ప్రకటించినట్లయితే, తదుపరి బడ్జెట్ నాటికి ఆ హామీలను ప్రజలే సరిచూసుకొనడానికి వీలు కలుగుతుంది.