మగ్గం పట్టే ఇల్లు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అనే సామెత అందరిదీ. నేతపని చేసేవాళ్లు దానికి ఇంకో ముక్క కలుపుకోవాలి: కట్టిన ఇంట్లో మగ్గం వేసి చూడు. గోడలు లేచి, స్లాబు పడి, గృహప్రవేశం భోజనాలు కూడా అయ్యాక ‘మరి మగ్గం ఎక్కడ?’ అని దిక్కులు చూసిన కుటుంబాలు మనలో తక్కువేం లేవు.

వార్షికోత్సవ సంచిక అనగానే మన వంశపురాణం, సంఘం నడిచిన దారి, పెద్దల సేవలు రాసుకోవడం ఆనవాయితీ. ఈసారి మేము మన ఇళ్ల చరిత్ర రాయదలిచాం. కూలిరేట్లు, నూలు ధరలు మన వృత్తిని ఎలా దెబ్బతీశాయో అందరం మాట్లాడుకుంటాం. ఇంటి నమూనా గీసినవాళ్లు, ఇంటి పథకం రాసినవాళ్లు మన మగ్గం మీద ఎంత ప్రభావం చూపారో మాత్రం ఎప్పుడూ లెక్క వేసుకోలేదు.

పావగడ సీమ, క్యాతగానచెర్లు

తుమకూరు జిల్లా పావగడ తాలూకా నాగలమడిక హోబళిలోని ఊరు క్యాతగానచెర్లు. పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు కూడా ఈ తాలూకా మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయింది. అందుకే ఇక్కడ ఆఫీసులో కన్నడం, ఇంట్లో తెలుగు. పట్టుచీరల నేతకు పేరున్న వై.ఎన్.హొసకోట ఈ తాలూకాదే. హిందూపురం, మడకశిర, ధర్మవరాలతో మన సంబంధాలు, పెళ్లిళ్లు, నూలు బేరాలు సరిహద్దు గీతకు ముందునుంచీ ఉన్నవే.

క్యాతగానచెర్లు పేరు దూరం ఊళ్లకు తెలిసింది సోలార్ పార్కు వల్ల. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు ఊళ్ల పరిధిలో దాదాపు 13,000 ఎకరాల్లో ఆ పార్కు వచ్చింది. భూమిని కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో ఆ కౌలు మొదలైంది. 2018 మార్చిలో తొలిదశ ప్రారంభమైంది, మొత్తం సామర్థ్యం 2,050 మెగావాట్లు. భూమి ఉన్నవాళ్లకు కౌలు వస్తోంది. భూమి లేక కూలికి పోయేవాళ్లకు ఆ పొలాల్లో పని పోయింది.

ఇళ్ల వ్యాసంలో సోలార్ సంగతి ఎందుకంటారా? ఎండను ఎలా వాడుకోవాలో ఇంజనీర్లు ఎకరం ఎకరం కొలిచి లెక్కగట్టిన సీమ ఇది. అదే ఎండ నుంచి ఇంటిని, ఇంట్లోని పడుగును ఎలా కాపాడుకోవాలో మాత్రం ఎవరూ అంత శ్రద్ధగా లెక్కగట్టలేదు. మన తాతలు గట్టారు. కాకపోతే కాగితం మీద పెట్టలేదు.

మట్టి మిద్దె తెలివి

మన సీమ పాత ఇల్లు మట్టి మిద్దె. దగ్గర్లో దొరికే రాయి, మన్నుతో మందమైన గోడలు. పైన దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, ఆపైన కట్టెలో బండలో పరిచి, మన్ను మెత్తి, అన్నిటికీ మీద చౌడు మన్ను వేసేవాళ్లు. చౌడు మన్ను తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. వానాకాలానికి ముందు ఏటా మళ్లీ కొంత చౌడు వేయడం ఇంటిల్లిపాది పని. వెలుతురుకు, పొగ పోవడానికి మిద్దెలో గవాక్షి.

ఇది పేదరికంతో కట్టుకున్న ఇల్లని ఇప్పటివాళ్లకు అనిపించవచ్చు. మగ్గం వైపు నుంచి చూడండి. గుంతమగ్గంలో నేతగాడు కాళ్లు గుంతలోకి పెట్టి కూర్చుంటాడు, పడుగు నేలకు దగ్గరగా సాగుతుంది. నేలలోని చెమ్మ పడుగును మెత్తగా ఉంచుతుంది. ఎండాకాలపు పొడిగాలికి నూలు ఊరికే తెగుతుంది, తెగిన పోగు అతికే కొద్దీ పని కుంటుపడుతుంది. మందపాటి మట్టి కప్పు పగటి వేడిని లోపలికి రానివ్వకుండా సాయంత్రం దాకా ఆపుతుంది. గవాక్షి వెలుగు పడుగు మీద పడుతుంది.

వీధి కూడా ఇంట్లో భాగమే. నూలు నేసే ఊళ్లలో తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు చాపి గంజి పెట్టేవాళ్లు. అందుకే నేతవీధులు తిన్నగా, పొడవుగా ఉండేవి, పక్కన నీడకు చెట్లుండేవి. ఎక్కడ మలుపు తిప్పాలో, ఎక్కడ చెట్టు నాటాలో చెప్పడానికి అప్పుడు టౌన్ ప్లానింగ్ అధికారి లేడు, మగ్గమే ప్లాను గీసింది.

అలాగని మిద్దెను ఆకాశానికి ఎత్తనక్కర్లేదు. జడివాన పట్టుకుంటే కారేది. చౌడు వేయడం ఒక ఏడాది మరిస్తే దూలం పుచ్చేది. మగ్గం గుంతలో నీళ్లూరితే రోజుల తరబడి పని బంద్, తిండికి కటకట. స్లాబు ఇల్లు కావాలని మన ఆడవాళ్లు పట్టుబట్టారంటే న్యాయమైన కారణమే ఉంది. చిక్కంతా స్లాబు ఇల్లు గీసినవాళ్లు మగ్గాన్ని మరచిపోవడంలోనే వచ్చింది.

సహకార సంఘాల కాలం

అందరూ మరచిపోలేదు. 1938లో పద్మశ్రీ మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టారు. నూలు ఇచ్చి బట్ట కొనడంతో ఆగకుండా నేతగాళ్ల నివాసాన్ని కూడా సంఘం పనిగానే చూశారు. ఎమ్మిగనూరులో వీవర్స్ కాలనీ అనే పేరు నేటికీ నిలిచి ఉంది.

స్వతంత్రం వచ్చాక 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. 1953లో మిల్లు బట్ట మీద అదనపు సుంకం వేసి, ఆ సొమ్మును చేనేతకు ఖర్చు పెట్టే చట్టం వచ్చింది. ఆ నిధి నుంచే నేతగాళ్ల ఇళ్ల కాలనీలకు కూడా సాయం అందింది. కర్ణాటకలో 1975లో ఏర్పడిన చేనేత అభివృద్ధి సంస్థ మగ్గం షెడ్డుతో కూడిన ఇళ్లు కట్టించింది. 1985-86లో కేంద్ర ప్రభుత్వం మగ్గం షెడ్డు, ఇల్లు కలిపిన పథకాన్ని తెచ్చింది. నేతగాడి ఇల్లంటే పనిచోటు కూడా అని ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకున్న సందర్భం అది. ఆ ఒప్పుకోలు గాలిలోంచి ఊడిపడలేదు. సహకార సంఘాలు, చేనేత నాయకులు ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది.

‘కచ్చా’ అనే మాట

అదే 1985-86లో ఇందిరా ఆవాస్ యోజన కూడా మొదలైంది. కర్ణాటకలో 1991-92 నుంచి ఆశ్రయ ఇళ్లు, 2000 సంవత్సరం నుంచి రాజీవ్ గాంధీ గ్రామీణ వసతి నిగమం. 2016 నవంబరు 20న ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ ప్రారంభమైంది. ఇంటి కనీస వైశాల్యాన్ని 20 నుంచి 25 చదరపు మీటర్లకు పెంచారు. సాయం మైదాన ప్రాంతాల్లో 1,20,000 రూపాయలు. కాంట్రాక్టరు లేకుండా లబ్ధిదారే కట్టుకోవాలి. ఇవన్నీ మేలే. గుడిసెల్లో బతికిన లక్షలమందికి తలమీద గట్టి కప్పు వచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. 25 చదరపు మీటర్లంటే సుమారు 270 చదరపు అడుగులు, వంటచోటు కూడా అందులోనే. మగ్గానికి, వెనక పడుగు సాగే చోటుకు, కండెలు చుట్టే రాట్నానికి కలిపితే ఒక గది పోతుంది. పట్టుచీరల మగ్గమైతే నెత్తిన జాకార్డు పెట్టె ఉంటుంది, దానికి ఎత్తు కావాలి. మామూలు స్లాబు ఎత్తులో అది ఇరుక్కుంటుంది. నేల గచ్చు చేశాక గుంత తీయాలంటే మళ్లీ పగలగొట్టాలి. గుంత గోడ పునాదికి మరీ దగ్గరైతే గోడకే ముప్పు. ఇవన్నీ ముగ్గు పోసే రోజున పది నిమిషాల్లో తేలే సంగతులు. తర్వాత సరిచేయాలంటే వేలల్లో ఖర్చు.

లబ్ధిదారుల ఎంపికకు వాడిన 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో గోడలు, కప్పు ‘కచ్చా’వా ‘పక్కా’వా అన్నదే ముఖ్యమైన కొలత. ఆ ఒక్క మాటతో మన్ను అంటే పేదరికమని, సిమెంటు అంటే అభివృద్ధి అని జనం మనసులో కూడా ముద్రపడింది. మగ్గానికి చల్లని నీడ ఇచ్చిన మన్ను కాగితం మీద లోపంగా మారింది.

ఈ కాలంలోనే మగ్గాలూ తగ్గాయి. 2009-10 చేనేత గణనలో దేశం మొత్తం మీద 43.31 లక్షలమంది చేనేత కార్మికులుంటే, 2019-20 గణనకు 35.22 లక్షలు మిగిలారు. వాళ్లలో పదిమందికి ఏడుగురికి పైగా ఆడవాళ్లే. మరమగ్గం పోటీ, కూలి చాలకపోవడం పెద్ద కారణాలు. ఇల్లే పనిచోటైన ఆడవాళ్లకు ఇంట్లో చోటు పోతే పని కూడా పోతుందన్నది కూడా ఆ లెక్కలో చేర్చాలి.

మన జిల్లాలోనే ఒక దారి

మన్నును లోపంగా చూడని ఇంజనీర్లు మన జిల్లాలోనే పనిచేశారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఆచార్య అమూల్య రెడ్డి గారి చొరవతో ‘అస్త్ర’ అనే విభాగం ఏర్పడింది. పల్లెలకు పనికొచ్చే సాంకేతికత తయారుచేయడం దాని ఉద్దేశం. దాని పల్లె కేంద్రం తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకా ఉంగ్రలో పెట్టారు. సివిల్ ఇంజనీరింగ్ ఆచార్యులు కె.ఎస్.జగదీశ్ గారు, వారి సహచరులు మట్టి ఇటుకల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు.

పద్ధతి సులువే. ఇసుక పాలు సరిపడా ఉన్న మన్నులో సుమారు 6 నుంచి 8 శాతం సిమెంటు కలిపి, చేతి యంత్రంలో గట్టిగా నొక్కుతారు. బట్టీ లేదు, కట్టెలు తగలేయడం లేదు. మూడు వారాలపాటు తడుపుతూ ఆరబెడితే ఇటుక సిద్ధం. ఇలాంటి చేతి యంత్రం ఒకటి 1950లలో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో పుట్టింది. మన దగ్గర ‘అస్త్ర’ వాళ్లు తమ యంత్రాన్ని తయారుచేశారు. ఈ ఇటుకలకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్.1725 అనే ప్రమాణం ఉంది, 2013లో దాన్ని సవరించారు కూడా. పంచాయతీ ఇంజనీరు ‘మట్టి ఇటుకకు బిల్లు రాయలేను’ అంటే మన చేతిలో ఈ నంబరు ఉండాలి.

కప్పు విషయంలో లారీ బేకర్ గారు ప్రచారంలోకి తెచ్చిన ఫిల్లర్ స్లాబు ఉంది. స్లాబు కింది భాగంలో కాంక్రీటు బలం అవసరంలేని చోట పెంకులు పెడతారు. కాంక్రీటు తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. కేరళలోని కొల్లంలో మొదలైన నిర్మితి కేంద్రాలు ఈ పద్ధతుల్లో మేస్త్రీలకు శిక్షణ ఇచ్చాయి. ఆ నమూనాలోనే కర్ణాటక జిల్లాల్లోనూ నిర్మితి కేంద్రాలు వచ్చాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ రూరల్ టెక్నాలజీ పార్కులో ఇలాంటి ఇళ్లను కట్టి చూపిస్తున్నారు. మనవాళ్లు బస్సు వేసుకుని వెళ్లి చూసి రావచ్చు.

ఇంత తెలివి పక్కనే ఉన్నా మన వీధికి రాలేదు. రేట్ల పట్టికలో లేని వస్తువుకు ఇంజనీరు అంచనా వేయడు. అంచనా లేనిదే కంతు రాదు. మేస్త్రీకి రాని పని యజమాని ఒప్పుకోడు. నీళ్ల కరువున్న, ఫ్లోరైడు నీళ్లతో అల్లాడిన తాలూకాలో ఎంత నీటితో ఇల్లు పూర్తవుతుంది అన్నది కూడా ఎవరూ అడగలేదు.

ఇక మన వంతు

1993 నుంచి లబ్ధిదారుల ఎంపికలో గ్రామసభకు చట్టబద్ధమైన స్థానం ఉంది. ఆ సభకు మనం జాబితాలో పేరుందో లేదో చూసుకోవడానికే వెళ్తున్నాం. నమూనా గురించి మాట్లాడటానికి వెళ్లడం లేదు. మన సమాఖ్య ముందు మేము పెడుతున్న పనులు నాలుగు.

ఒకటి, మగ్గం ఇంటి నమూనా. మన పిల్లల్లో సివిల్ ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు ఉన్నారు. వాళ్లు నలుగురు నేతగాళ్లతో, ముఖ్యంగా ఆడవాళ్లతో కూర్చుని గుంత కొలత, కప్పు ఎత్తు, కిటికీ దిక్కు, నీరూరకుండా గుంతకు రాతి కట్టుబడి రాసి గీయాలి. పథకం కొలతకు లోబడిన ఒక నమూనా, తర్వాత పెంచుకునేలా మరొకటి.

రెండు, ఇంటి మంజూరు, చేనేత శాఖ మగ్గం షెడ్డు సాయం ఒకే కుటుంబానికి ఒకే ప్లానుగా కలిసేలా రెండు శాఖలకూ విజ్ఞప్తి.

మూడు, ఊరికి ఇద్దరు చొప్పున మేస్త్రీలకు మట్టి ఇటుక, ఫిల్లర్ స్లాబు పనిలో శిక్షణ. వయసు మళ్లి మగ్గం దిగినవాళ్ల బిడ్డలకు ఇది బతుకుతెరువు కూడా.

నాలుగు, కొత్త లేఔటు వేసేటప్పుడు నేతవాళ్లున్నచోట కనీసం ఒక వీధి తిన్నగా, చెట్ల నీడతో ఉండేలా పంచాయతీలో తీర్మానం.

తొగట, పద్మశాలి, దేవాంగ, కుర్ణి, పట్టుశాలి అని మనం ఏ పేరుతో పిలుచుకున్నా గుంత లోతు అందరికీ ఒకటే. ఇంజనీరు చదివిన చదువు, నేతగాడి కొలత కలిసినచోట ఇల్లు, మగ్గం రెండూ నిలిచాయని ఎమ్మిగనూరు నుంచి ఉంగ్ర దాకా చరిత్ర చెబుతోంది. వచ్చే గ్రామసభ నోటీసు పడేలోపు మన నమూనా కాగితం సిద్ధంగా ఉండాలి.