అతుకుల బొంత చెప్పు చరిత్ర

పొందిక లేని పనిని తెలుగువారు "అతుకుల బొంత" అని పరిహసించుట కలదు. కాని ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున గల లంబాడీ తండాలలోను, చుట్టుపక్కల పల్లెలలోను చేతితో కుట్టిన పాత బొంతను వెలుగులో పరచి చూచినచో ఆ పరిహాసము అన్యాయమని తోచును. చదరములుగా, త్రికోణములుగా అమరిన రంగు గుడ్డలు, వాటిమీదుగా నాగటి చాళ్లవలె సాగిన కుట్ల వరుసలు, ఒక్కొక్క వరుసలో ఎడము తప్పని సన్నని పోట్లు - ఇవి పొందిక లేని పనికి గుర్తులు కావు.

బొంత కుట్టు విధానము పైకి సులభముగానే కనిపించును. చిరిగిన చీరలు, పంచెలు ఉతికి ఆరవేసి, కొన్ని పొరలుగా నేలపై పరతురు. పైన రంగు ముక్కలను అమర్తురు. పిదప సూది పైకి, క్రిందికి పోవుచు పొరలన్నిటిని కలుపుచు సాగును. కాంచళి, పేటియలపై అద్దములు, గవ్వలు కూర్చుటలో పేరుపొందిన లంబాడీ స్త్రీల చేతిలో బొంత అంచులు కూడ చక్కని కుట్టుపనితో నిండును.

బొంత వేడిని పుట్టించదు. దేహములోని వేడిని బయటికి పోనీయక ఆపును. ఆ పని చేయునది గుడ్డకంటె ఎక్కువగా గుడ్డపొరల నడుమ చిక్కిన గాలి. నీటితో పోల్చినచో, కదలని గాలికి ఉష్ణమును ప్రసరింపజేయు శక్తి సుమారు ఇరువదవ వంతు మాత్రమే. తడిసిన బొంత చలిని ఆపలేకపోవుటకు కారణమిదియే. గాలి స్థానమున నీరు చేరును. కుట్లు మరీ ఎడమైనచో పొరలు జారి ఒకచోట ముద్దయగును. మరీ దగ్గరైనచో పొరలు అణగి గాలికి చోటుండదు. ఈ రెంటి నడుమ తగిన ఎడమును స్త్రీలు అనుభవముతో కనుగొనిరి. అందమునకై వేసినట్లు తోచు ఆ వరుసలే బొంతకు ప్రాణము.

ఈ విద్య చాల ప్రాచీనమైనది. రష్యన్ అన్వేషకుడు కోజ్లోవ్ 1924-25లో మంగోలియాలోని నోయిన్-ఊలా సమాధులలో త్రవ్వించగా బయటపడిన కుట్టుపని తివాచి సుమారు రెండువేల ఏండ్ల నాటిది. సిసిలీ ద్వీపమున పదునాల్గవ శతాబ్దిలో కుట్టిన బొంతలు లండన్, ఫ్లారెన్సు మ్యూజియములలో కలవు. ట్రిస్టన్ అను వీరుని కథ వాటిపై కుట్టబడినది. ఒకటి సమాధిలో ఉండుటచేతను, మరియొకటి సంపన్నుల సొత్తగుటచేతను నిలిచినవి. పేదల బొంత గతి వేరు. అది చినిగిన కొలది మరొక బొంతకు లోపలి పొర అగును, తరువాత ఉయ్యాలలో పక్క అగును, చివరకు మసిగుడ్డ అగును. ఎక్కువగా వాడిన వస్తువే తక్కువగా మిగిలినది.

లంబాడీల విషయమున ఈ నష్టము మరింత పెద్దది. వారు ఎడ్లపై ధాన్యము, ఉప్పు మోయుచు దేశమంతట తిరిగిన వర్తకులు. 1632లో ఆంగ్ల యాత్రికుడు పీటర్ మండీ ఉత్తర హిందూస్థానములో 14,000 ఎడ్లు గల ఒక తండాను చూచెను. రైళ్లు వచ్చిన పిదప ఆ వర్తకము క్షీణించెను. నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ఇల్లెందు ప్రాంతమున 1871లో బొగ్గు కనుగొనబడినది. 1889లో నిజాము రైలుమార్గము బెజవాడను చేరినది. ఎడ్ల బాటలు పాడుబడగా అనేక తండాలు సేద్యమునకు స్థిరపడినవి. లంబాడీ భాషకు స్వంత లిపి లేదు. వ్రాత లేని ఇంట తల్లినుండి బిడ్డకు చేరిన గుర్తులలో కుట్టు ఒకటి.

ఈ గుర్తు వయస్సును ఎట్లు తెలిసికొనవలెను? ఇల్లెందు గనులలో సాధారణముగా క్రింది పొర పాతది, పై పొర కొత్తది. బొంతకు ఈ నియమము చెల్లదు. ఏబది ఏండ్ల చీర పైన, నిరుటి పంచె లోపల ఉండవచ్చును. కావున మరియొక నియమము పాటింపవలెను: మొదట చేర్చిన గుడ్డలలో మిక్కిలి కొత్తదానికంటె బొంత పాతది కాజాలదు. తరువాత వేసిన మాసికలను వేరుగా లెక్కింపవలెను. వాటి కుట్లు పాత కుట్లమీదుగా పోవును. రంగులును కాలమును తెలుపును. చిరివేరు ఎరుపునకు పోటీగా కృత్రిమ అలిజరిన్ 1869 తరువాత, కృత్రిమ నీలి 1897 తరువాత బజారుకు వచ్చినవి. పాలియెస్టరు 1941లో రూపొందినది. దానిని గుర్తించుటకు ఊడిపడిన ఒక్క పోగు చాలును. ఉపాధ్యాయుడు దానిని కాల్చి చూపినచో, నూలైన బూడిదయగును. పాలియెస్టరైన కరగి గట్టి పూసయగును.

నేడు సంతలలో యంత్రములపై తయారైన దుప్పట్లు చవుకగా దొరకుచున్నవి. విద్యార్థులు ఇంటివారి అనుమతితో పాత బొంత కొలతలు, పొరల సంఖ్య, అంగుళమునకు కుట్ల సంఖ్య, రంగులు వ్రాసికొనవచ్చును. దానిని ఉతుకరాదు, ఎండవేయరాదు. ఎండకు రంగులు వెలియును, నూలు పెళుసగును. నీడలో, తేమ తగులనిచోట, మడతలు అప్పుడప్పుడు మార్చుచు ఉంచవలెను. ఇంత జాగ్రత్తగా దాచినను, ఏ ముక్క ఎవరి చీరయో, ఏ బిడ్డ పుట్టినప్పుడు కుట్టినదో గుడ్డ చెప్పజాలదు. ఆ సంగతి కుట్టిన ముసలమ్మకే తెలియును. అన్నిటికంటె ముందు అడిగి వ్రాసికొనవలసినది అదియే.