చర్చి గోడ దాటితే పాట ఎవరిది?

1969 నాటి 'స్పిరిట్ ఇన్ ద స్కై' విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పాటలో ఏసు ఉన్నాడు, రాసి పాడిన నార్మన్ గ్రీన్‌బామ్ మాత్రం యూదుడు. టీవీలో కంట్రీ గాయకుడు పోర్టర్ వాగనర్ భక్తిగీతం పాడుతుంటే చూసి, తనూ ఒకటి రాయగలననుకున్నాడు. ఆ బరబరమనే గిటార్ పాట 1970లో అమెరికాలో 3వ స్థానానికి, బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. 1986లో డాక్టర్ అండ్ ద మెడిక్స్, 2003లో గారెత్ గేట్స్ పాడినప్పుడూ బ్రిటన్‌లో మొదటి స్థానమే.

మరి ఈ పాటని ఒక అమెరికన్ చర్చి ఆదివారం ఆరాధనలో పాడుకోవాలంటే? అనుమతి అక్కర్లేదు. 1976 కాపీరైట్ చట్టం, సెక్షన్ 110(3) ఆరాధన జరిగే చోట పాడుకోడానికి మినహాయింపు ఇచ్చింది. అది అక్కడి వరకే. కెమెరా పెట్టి ఆన్‌లైన్‌లో పంపితే లైసెన్సు కావాలి. పాడిన వీడియోని దాచిపెడితే పాట హక్కుదారుల నుంచి సింక్ అనుమతి కావాలి. గ్రీన్‌బామ్ రికార్డునే వినిపిస్తే, ఆ రికార్డింగు హక్కు మళ్లీ వేరే.

2020లో కోవిడ్ చర్చిల తలుపులు మూయించాక ఈ తేడా చాలామందికి తెలిసొచ్చింది. మంచం దిగలేని ముసలావిడకి స్క్రీనే చర్చి. చట్టానికి మాత్రం అది ప్రసారం. పాట రాసినవాడికీ తిండి కావాలి, కాదనను. కానీ నాలుగు గోడలకి దొరికిన మినహాయింపు ఆ ముసలావిడకి దొరక్కపోవడమే నాకు మింగుడుపడదు.