అబలా శబ్దమును గూర్చి



అమరకోశమును వల్లెవేయు బాలుడు స్త్రీ పర్యాయపదములలో ‘అబల’ యను మాటను నేర్చుకొనును. బలము లేనిది గావున అబల యని చెప్పి ముందునకు సాగుట మా పండితుల వాడుక. ఉపాధ్యాయుడనుగా నున్నంతకాలము నేనును అట్లే చెప్పితిని. ఆ నిర్వచనమునకు క్రీడారంగమున జరిగిన పరీక్షను విన్నవించుటకే ఈ చిన్న వ్యాసమును వ్రాయుచున్నాను.

బరువులెత్తు విద్యలో పురుషులకు ప్రపంచపు పోటీ 1891లో లండను నగరమున జరిగెను. 1896లో ఏథెన్సునందలి ఒలింపిక్ క్రీడలలో ఆ విద్యకు చోటు లభించెను. స్త్రీలకో, ప్రపంచపు పోటీ 1987లో అమెరికాలోని డేటోనా బీచినందు గాని ఏర్పడలేదు. ఒలింపిక్ వేదికపై వారు కాలుమోపినది 2000 సంవత్సరమున సిడ్నీలో. అనగా ఏథెన్సు క్రీడలకు 104 ఏండ్లకు పిమ్మట. ఎత్తనీయకయే ఎత్తలేరనుట ఏ తర్కమో నాకు తెలియదు.

ఈ పోటీలో ఎత్తుట రెండు విధములు. నేలమీది కడ్డీని ఒక్క ఊపున తలపైకి నిలుపుట స్నాచ్. ముందుగా భుజములపైకి తెచ్చి, పిదప తలపైకి లేపుట క్లీన్ అండ్ జెర్క్. ఒక్కొక్కదానికి మూడేసి ప్రయత్నములు. రెంటిలోని ఉత్తమ భారములను కూడినచో వచ్చునదే ఫలము. స్త్రీల కడ్డీయే 15 కిలోగ్రాములు తూగును. చూచువారికి బాహుబలముగా తోచును గాని, నిజమునకు తొడలును నడుమును చేయు పని ఎక్కువ.

మన దేశమునకు ఈ విద్యలో మొదట పేరు తెచ్చిన వనిత మణిపురి వాస్తవ్యురాలు కుంజరాణీదేవి. ఆమె 1989లో మాంచెస్టరున జరిగిన ప్రపంచపు పోటీలో మూడు రజత పతకములను గైకొనెను. ఆ వెనుకనే తెలుగు బిడ్డ యొకతె వెలసినది. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస చేరువనున్న ఊసవానిపేట కరణం మల్లేశ్వరి పెరిగిన యూరు. ఆ ఉత్తరాంధ్ర సీమయే వీరఘట్టమున పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడుగారిని మనకిచ్చినది. ఆయన బలమును గూర్చి మన పెద్దలు కథలుగా చెప్పుకొనిరి. ఆ సీమలోనే ఒక ఆడపిల్ల బరువులెత్తెదనన్నప్పుడు మాత్రము, సన్నని పిల్లవు, నీవల్ల కాదని త్రిప్పి పంపిరి. తల్లి మాత్రము వెనుదీయక ఆమెకు బాసటగా నిలిచెను. ఆ పిల్లయే 1994లో ఇస్తాంబులునందును, 1995లో చైనాలోని గ్వాంగ్జౌనందును 54 కిలోగ్రాముల తరగతిలో ప్రపంచవిజేత యయ్యెను.

సిడ్నీలో ఆమె నిలిచినది 69 కిలోగ్రాముల తరగతిలో. 2000 సెప్టెంబరు 19వ తేదీన స్నాచ్‌లో 110 ఎత్తెను. క్లీన్ అండ్ జెర్క్ రెండవ ప్రయత్నమున 130 ఎత్తెను. మొత్తము 240. చైనా దేశపు లిన్ వైనింగును, హంగరీ దేశపు ఎర్జెబెత్ మార్కుషును చెరి 242.5 ఎత్తియుండిరి; తన దేహభారము తక్కువగుటచే లిన్ స్వర్ణమును పొందెను. మల్లేశ్వరికి ఒక్క ప్రయత్నము మిగిలెను. 135 ఎత్తినచో మొత్తము 245 అగును. స్వర్ణమునకు అదియే చాలును. కడ్డీకి ఎక్కించినది 137.5. అది తలపై నిలువలేదు. ఈ లెక్కను గూర్చి పిమ్మట చర్చలు చాల జరిగినవి. గడియారము పరుగెత్తుచుండగా వేదిక ప్రక్క నిలిచినవారిని, నీడపట్టున కూర్చుండి తప్పుపట్టుట నాకు ఇష్టము లేదు. అయినను ఆ రెండున్నర కిలోగ్రాములు తలంపునకు వచ్చినప్పుడెల్ల మనసు చివుక్కుమనును.

దక్కినది కాంస్యము. అంతకు ముందు భారతస్త్రీ ఎవ్వతెయు ఒలింపిక్ పతకమును పొందియుండలేదు.

పిదప మణిపురి మరల ముందునకు వచ్చెను. మీరాబాయి చాను 2016లో రియో నగరమున క్లీన్ అండ్ జెర్క్ మూడు ప్రయత్నములలోను విఫలురాలై, మరుసటి యేడు అమెరికాలోని అనాహైమునందు 48 కిలోగ్రాముల తరగతిలో ప్రపంచవిజేత యయ్యెను. 2021లో టోక్యోలో 49 కిలోగ్రాముల తరగతిలో ఆమె స్నాచ్‌లో 87, క్లీన్ అండ్ జెర్క్‌లో 115 ఎత్తి రజతమును గైకొనెను. తన దేహభారమునకు రెండింతలకు పైబడిన కడ్డీని ఆమె తలపై నిలిపినది.