పీరియడ్ లెక్కన పాఠం

ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పుకుని బతుకుతున్నదాన్ని. మా గెస్ట్ లెక్చరర్ల కొలువు ఎలా పుట్టిందో రాసిపెట్టడం కూడా నా పనేననుకుంటాను.

ఉమ్మడి రాష్ట్రంలో దినకూలీ, తాత్కాలిక నియామకాలకు అడ్డుకట్ట వేయడానికి 1994లో రెండో నంబరు చట్టం తెచ్చారు. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్ల సర్వీసు నిండినవాళ్లను క్రమబద్ధీకరించడానికి 1994లోనే 212 జీవో ఇచ్చారు. అంతటితో ఈ పద్ధతి ముగియాలి. కానీ కాలేజీలు పెరిగాయి, పోస్టుల భర్తీ వెనకబడింది. ఆ ఖాళీల్లోకి కాంట్రాక్ట్ లెక్చరర్లు వచ్చారు. రెన్యువల్ కోసం ఏటా ఎదురుచూస్తూనే వాళ్ల వయసు గడిచిపోయింది. తెలంగాణలో 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్ట్ ఉద్యోగులు పర్మనెంట్ అయ్యారు. అందులో సగానికి పైగా జూనియర్ లెక్చరర్లే. వాళ్ల కష్టం ఫలించినందుకు మనసారా సంతోషించాను.

అయితే అప్పటికే వాళ్ల కింద మరో మెట్టు తయారైంది. అదే గెస్ట్ కొలువు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో పీరియడ్‌కు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్లే పరిమితి. ఒక్క పీరియడూ తప్పకపోతే 28,080. దసరా, సంక్రాంతి సెలవులొస్తే ఆ మేరకు కోత. ఎండాకాలం క్లాసులుండవు కనుక డబ్బులూ ఉండవు.

కాకతీయుల చెరువుల గురించి చెప్పాలంటే ముందురోజు రాత్రి కూర్చుని చదువుకుంటాను, మ్యాప్ గీసుకుంటాను. యూనిట్ టెస్ట్ పేపర్లు ఇంటికి తెచ్చుకుని దిద్దుతాను. ఇంగ్లిష్ మీడియంకు మారి తడబడే పిల్లను క్లాసయ్యాక కూర్చోబెట్టుకుంటాను. బోర్డు ముందు నిలబడ్డ సమయాన్నే లెక్కగట్టే పద్ధతిలో వీటికి విలువ లేదు.

ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకూ సమాన వేతనం ఇవ్వాలని జగ్‌జీత్ సింగ్ కేసులో 2016 అక్టోబరు 26న సుప్రీంకోర్టు చెప్పింది. డిగ్రీ, యూనివర్సిటీ స్థాయిలో కాంట్రాక్ట్ అధ్యాపకుల జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొత్తం జీతానికి తగ్గకూడదని యూజీసీ 2018 నిబంధనల్లో రాసింది. న్యాయమేమిటో తెలియక జరుగుతున్నది కాదిది.

ముప్పై ఏళ్లుగా ఒక తరాన్ని గట్టెక్కించడం, ఇంకా తక్కువ హక్కులతో మరో తరాన్ని దించడం జరుగుతోంది. ఈ వరసలో చివరివాళ్లం మేమే కావాలి. అందుకు పోస్టులన్నీ భర్తీ చేయాలి. అంతదాకా మాకు పన్నెండు నెలల జీతం ఇవ్వాలి.