హైపోనేట్రీమియా: రక్తపింజర కాటు అనంతర రూపం

రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోళ్ల కంటే తగ్గిన స్థితి హైపోనేట్రీమియా. హార్మోన్ల తేడాతో వచ్చినప్పుడు ఉప్పు చాలకపోవడం కంటే ఒంట్లో నీరు నిలిచిపోవడమే ప్రధాన కారణం. కర్ణాటకలోని పేరేసంద్ర, బాగేపల్లి, చింతామణి వైపు రాగి, వేరుశెనగ చేలలో పనిచేసేవారి విషయంలో వైద్యులు మరువకూడని కారణం ఒకటుంది: రక్తపింజర కాటుతో పీయూష గ్రంథి దెబ్బతినడం.

చరిత్ర: దీన్ని తొలిసారి గుర్తించినది ఎవరన్నదానిపై భేదాభిప్రాయాలున్నాయి. 1958 నాటి బ్రెజిల్ నివేదికను కొందరు పేర్కొంటారు గానీ అది అక్కడి పాములకు సంబంధించినది. రక్తపింజర వరకు 1976లో భారతీయ వైద్యులు రాసినదీ, 1987లో బర్మా నుంచి లాన్సెట్‌లో వచ్చినదీ ఎక్కువ ప్రామాణికం. బర్మా పరిశోధకులు దీన్ని కాన్పులో అధిక రక్తస్రావం వల్ల వచ్చే షీహన్ సిండ్రోమ్‌తో పోల్చారు.

కారణం: సన్ననాళాల్లో గడ్డలు, గ్రంథిలో రక్తస్రావం, బీపీ పడిపోవడం అని మూడు వాదాలున్నాయి. మూడూ కలిసే పనిచేస్తాయనడం సబబుగా తోస్తుంది. గ్రంథి చెడితే కార్టిసాల్ తగ్గుతుంది. దాంతో మూత్రంలో నీటిని పోనివ్వని వాసోప్రెసిన్ పెరుగుతుంది. అడ్రినల్ గ్రంథులే చెడే అడిసన్ వ్యాధిలో పెరిగినట్లు ఇక్కడ పొటాషియం సాధారణంగా పెరగదు.

లక్షణాలు: కొందరిలో కాటు మానిన నెలలకో, ఏళ్లకో బయటపడతాయి. నీరసం, అన్నం సయించకపోవడం, చలికి తాళలేకపోవడం, మగవారిలో గడ్డం పలచబడటం, ఆడవారిలో నెలసరి ఆగిపోవడం కనిపిస్తాయి. ఆపైన జ్వరమో విరేచనాలో పట్టుకుంటే సోడియం బాగా పడిపోయి మగత, ఫిట్స్ రావచ్చు.

నిర్ధారణ: 1957లో ష్వార్ట్జ్, బార్టర్ బృందం వివరించిన వాసోప్రెసిన్ అతిస్రావమూ పరీక్షల్లో ఇలాగే కనిపిస్తుంది. కార్టిసాల్, థైరాయిడ్ సరిగా ఉన్నాయని తేలాకే ఆ పేరు పెట్టాలి. లేకుంటే నీళ్లు తగ్గించమని చెప్పి పంపేసి, అసలు లోపాన్ని వదిలేసినట్లవుతుంది.

చికిత్స: ముందు హైడ్రోకార్టిసోన్, ఆ తర్వాతే థైరాక్సిన్, వరుస తప్పితే ప్రాణాపాయం. ఫిట్స్ వస్తుంటే 3 శాతం సెలైన్ 100–150 మిల్లీలీటర్లు ఎక్కిస్తారు. హైడ్రోకార్టిసోన్ పడగానే మూత్రం ధారాళంగా వచ్చి సోడియం వేగంగా ఎగబాకవచ్చు. 24 గంటల్లో పెరుగుదల 8–10 మిల్లీమోళ్లు దాటితే మెదడు నరాల పొర దెబ్బతినే ప్రమాదముంది. కాబట్టి గంటల లెక్కన పరీక్షిస్తూ ఉండాలి. ఆ తర్వాత మాత్రలు సాధారణంగా జీవితాంతం వాడాలి, జ్వరం వచ్చినప్పుడు మోతాదు పెంచాలి.

నివారణ: కర్ణాటక 2024లో పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయవలసిన వాటిలో చేర్చింది. సోడియం తగ్గి వచ్చిన రోగిని ఎప్పుడైనా పాము కరిచిందా అని అడగడం, అవునంటే ఉదయం కార్టిసాల్ పరీక్ష చేయించడం తాలూకా ఆసుపత్రి స్థాయిలోనే అలవాటు కావాలి.